వడ్లాయన చదవని వడ్రంగి పుస్తకాలు

భిక్నూర్ వైపు కొత్త ఇల్లు కడితే గోడల కన్నా ముందు దర్వాజ లేస్తుంది. పునాది మట్టానికి రాగానే మంచి రోజు చూస్తారు. గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడాకులు కడతారు. కొబ్బరికాయ కొట్టేది ఇంటివాళ్లు, దర్వాజ నిలబెట్టేది వడ్లాయన, అంటే ఊరి వడ్రంగి. అయ్యగారు రాసిచ్చిన కొలతల చీటీ ఇంటి యజమాని జేబులో ఉంటుంది. వడ్లాయన చేతిలో గునియా, చెవి మీద పెన్సిలు. ఆయనకు బట్టలు పెట్టి, కట్నం చేతిలో పెట్టాకే మేస్త్రీ ఇటుక మీద ఇటుక పేరుస్తాడు.

ఆ మనిషి సంచిలో రంపం, రందా, నాలుగైదు సైజుల ఉలులు ఉంటాయి. పుస్తకం ఉండదు. అట్లాగని కర్రపని మీద పుస్తకాలే లేవా అంటే, ఈ దేశంలో పధ్నాలుగు వందల ఏళ్లకు పైబడి ఉన్నాయి. సంస్కృతంలో ఉన్నాయి, తర్వాత ఇంగ్లీషులో వచ్చాయి, ఉర్దూలోనూ వచ్చాయి. చిక్కల్లా ఒక్కటే. వీటిని రాసినవాళ్లలో దాదాపు ఎవరూ వడ్లాయన కూర్చుని చదువుకుంటాడని అనుకోలేదు.

భిక్నూర్ 44వ నంబరు జాతీయ రహదారి మీద, రామాయంపేట దాటాక కామారెడ్డికి ముందు వచ్చే మండల కేంద్రం. సిద్ధరామేశ్వరస్వామి గుడికి పేరు, తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణానికి ఇప్పుడు ఇంకో పేరు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇది నిజామాబాద్ జిల్లాలో భాగం. పొరుగునే దోమకొండ. ఆ సంస్థానాన్ని ఒకప్పుడు బిక్కనవోలు సంస్థానమనే పిలిచేవారు. దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా దక్కింది. కోటలకు బిరుదులు వస్తాయి. వాటికి తలుపులు బిగించినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా దొరకవు.

ఊళ్లో వడ్లాయన అసలు పని దర్వాజ కాదు, వ్యవసాయం. నాగలి, కాడి, గొర్రు, గుంటక, దంతె, బండి అన్నీ ఆయన వాకిట్లోనే పుట్టేవి. తొలకరికి ముందు ఆ వాకిలి నిండిపోయేది. నాగలికి తుమ్మ, ఇంటికి టేకు, అదీ దొరకనివాళ్లకు వేప. ఏ కర్ర ఎండకు పగులుతుంది, ఏది నీళ్లలో నానినా చెడదు, ఏది పురుగు పడుతుంది అన్నది మొద్దు చూసి, ఒక దెబ్బ వేసి, వాసన పీల్చి చెప్పేవాడు. కూలి రోజువారీగా ఉండేది కాదు. పంట కల్లానికి వచ్చాక రాశి మీది నుంచి ఇన్ని గింజలని రైతు కొలిచి పోసేవాడు.

ఇందులో తీపి ఎంత ఉందో చేదూ అంతే ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి చాకిరీ గురించి చెబుతూ వడ్రంగుల్ని, కమ్మరుల్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. దొరల వ్యవసాయ పనిముట్లన్నీ వీళ్లు ఊరికే చేసి పెట్టాలి. రైతు కల్లంలో కొలిచేది న్యాయమైన వాటా అనుకుంటే, దొర గడీలో చేసేది లెక్కలోకి రాని పని. ఊరి పాత వృత్తుల్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తారు.

బండి చక్రానికి పట్టా వేసే రోజు చూస్తే పుస్తకం లేని ఈ విద్య ఎంత లోతైనదో తెలుస్తుంది. కర్ర పనంతా వడ్లాయనది. నడుమ కుండ, దానిలో దిగ్గొట్టిన ఆకులు, వాటి కొసలను కలుపుతూ వంపు చెక్కలు. పైన ఎక్కే ఇనుప పట్టా కమ్మరిది. చక్రం చుట్టూ తాడు తిప్పి కొలిచి, పట్టాను ఆ కొలత కన్నా కొంచెం తక్కువగా అతుకుతారు. దాన్ని నేల మీద పెట్టి, చుట్టూ పిడకలు పేర్చి మంట వేస్తారు. ఎర్రబడిన పట్టాను ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, సుత్తెలతో కొట్టి దించుతారు. కర్ర భగ్గున అంటుకుంటుంది. వెంటనే కుండలకొద్దీ నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుంటుంది, ఆకులన్నీ కిర్రుమంటూ కుండలోకి బిగుసుకుంటాయి.

ఎంత తక్కువ కొలవాలి? ఒక్కో డిగ్రీ వేడికి ఇనుము మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుందని ఇంజనీరింగు పుస్తకం చెబుతుంది. నాలుగున్నర మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రానికి 500 డిగ్రీల వేడి ఎక్కిస్తే సాగేది 27 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు. పట్టా అంతకు మించి పొట్టిదైతే చక్రం మీదికి ఎక్కదు. మరీ వదులైతే ఎండాకాలం రాగానే ఊడి దారిలో పడుతుంది. వడ్లాయన, కమ్మరి కలిసి ఈ లెక్కను బొటనవేలి వెడల్పుతో తేల్చేవాళ్లు.

వడ్లవారి పిల్లవాడికి ఈ పని ఎవరూ పాఠంగా చెప్పరు. తొలుత రంపం అవతలి కొస పట్టుకోవాలి. లాగాలి గానీ నెట్టకూడదు. నెడితే తండ్రి కసురుతాడు. తర్వాత ఉలికి పదును పెట్టడం, పేళ్లు ఏరడం, పాత గొర్రుకు పళ్లు మార్చడం. ఏళ్లు గడిచాక గాని కొత్త దర్వాజకు గీత గీసే హక్కు రాదు. చేతికి పని వచ్చేసరికి దాన్ని మాటల్లో చెప్పాల్సిన అవసరమే తీరిపోతుంది. ఆ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. కొడుకులు లేకపోతే, ఉన్నా పట్నం వెళ్లిపోతే, ఆ ఇంటి పని ఆ తరంతో ఆఖరు. పక్కింటి పిల్లవాడికి ఎంత ఆసక్తి ఉన్నా, కులం వేరైతే ఆ వాకిట్లో చూసే హక్కే గాని ఉలి పట్టే హక్కు ఉండేది కాదు.

విశ్వకర్మ సంప్రదాయంలో అయిదు వృత్తులకు అయిదుగురు మూలపురుషులు. ఇనుముకు మనువు, కర్రకు మయుడు, కంచుకు త్వష్ట, రాతికి శిల్పి, బంగారానికి విశ్వజ్ఞుడు. వడ్లవాళ్లు మయుడి సంతతి, సనాతన గోత్రం. కర్రపని గురించి వివరంగా చెప్పిన పాత గ్రంథాల్లో ఒకదాని పేరు మయమతం. వంశం ప్రకారం చూస్తే అది వడ్లవాళ్ల ఇంటి పుస్తకమే.

మయమతం ముప్పయ్యారు అధ్యాయాల గ్రంథం. త్రివేండ్రం సంస్కృత గ్రంథమాలలో టి. గణపతిశాస్త్రి 1919లో అచ్చు వేయించాడు. అందులో పదిహేడో అధ్యాయం పూర్తిగా అతుకుల మీదే. రెండు కర్రల్ని కలిపితే మల్లలీల, మూడింటిని కలిపితే బ్రహ్మరాజం, నాలుగైతే వేణుపర్వం, ఇట్లా ముక్కల సంఖ్యను బట్టి పేర్లు. స్తంభం నిలిపేటప్పుడు చెట్టు మొదలు కిందికీ కొస పైకీ ఉండాలన్న నియమం కూడా శాస్త్రంలో ఉంది. అంతకన్నా పాతదైన బృహత్సంహితలో ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు విగ్రహం కోసం అడవికి వెళ్లి కర్ర తెచ్చే పద్ధతిని ఒక అధ్యాయంగా రాశాడు. శ్మశానంలో చెట్టు పనికిరాదు, పిడుగు పడినది పనికిరాదు, పక్షులు గూళ్లు కట్టినది వద్దు. ముందు రాత్రి చెట్టుకు పూజ చేసి, అందులో ఉండే భూతాలను వేరే చోటికి వెళ్లమని వేడుకుని, తెల్లవారాక కొట్టాలి. చెట్టు తూర్పుకో ఉత్తరానికో పడితే శుభం.

ఇన్ని చెప్పినవాళ్లు ఉలిని ఏ వాలులో పట్టాలో చెప్పలేదు. బెజ్జం తొలిచేటప్పుడు గీతకు ఎంత లోపల మొదలుపెట్టాలో, కర్ర పోగు ఎదురు తిరిగితే ఏం చేయాలో చెప్పలేదు. చెప్పాల్సిన పని వాళ్లకు లేదు. చేతి పని తెలిసినవాడు ఎదురుగా ఉన్నాడన్న నమ్మకంతో, అతని చేత ఏం చేయించాలో రాసుకున్న పుస్తకాలవి. చదివేది పండితుడు, చేసేది వడ్లాయన.

ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో మొట్టమొదట బయటపెట్టినవాడు రామరాజు. 1790లో తంజావూరులో పుట్టాడు. ఇంగ్లీషువాళ్ల కొలువులో చిన్న ఉద్యోగంతో మొదలై బెంగుళూరులో జడ్జి స్థాయికి ఎదిగాడు. మానసారం వంటి శిల్పగ్రంథాల తాళపత్రాలు పోగుచేసి హిందూ వాస్తు మీద పుస్తకం రాయబూనితే గోడ అడ్డం వచ్చింది. సంస్కృతం తెలిసిన పండితులకు అందులోని పనిమాటలు అర్థం కాలేదు. పనిమాటలు తెలిసిన శిల్పులకు సంస్కృతం రాదు. చివరికి తంజావూరు ప్రాంతంలో పని తెలిసిన ఒక కంసాలి దొరికితే, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటా విప్పించుకున్నాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1834లో లండన్‌లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ తరఫున వెలువడింది. మన వాస్తు గ్రంథాల గురించి ప్రపంచానికి తెలియజెప్పిన తొలి ఇంగ్లీషు పుస్తకం ఇదేనని అంటారు. తాళపత్రాలను తెరిచి చూపించిన ఆ కంసాలిని రామరాజు అందులో ప్రస్తావించాడు, అంతవరకు ఆయన మర్యాదస్థుడే.

ఇది మన దేశానికే పట్టిన జబ్బనుకోవడానికి లేదు. చైనాలో 1103లో సాంగ్ చక్రవర్తుల కాలంలో లీ జియే అనే అధికారి కట్టడాల మీద ముప్పయి నాలుగు అధ్యాయాల గ్రంథం వేయించాడు. అందులో కర్రపనికి పెద్దపీట. 1925లో లియాంగ్ సిచెంగ్ అనే విద్యార్థికి తండ్రి ఆ పుస్తకం పంపితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆర్కిటెక్టు అయ్యాక కూడా అర్థం కాలేదు. బీజింగ్ రాజమందిరంలో మరమ్మతులు చేసిన ముసలి వడ్రంగుల దగ్గర కూర్చుని తర్వాతి కాలపు పద్ధతులు నేర్చుకుని, అక్కడి నుంచి వెనక్కి నడిస్తే గాని ఆ గ్రంథం దారి ఇవ్వలేదు. రామరాజుకూ ఆయనకూ మధ్య నూరేళ్లు. తాళంచెవి ఇద్దరికీ ఒకేచోట దొరికింది.

యూరప్‌లో కథ కొంచెం వేరుగా నడిచింది. లండన్‌లో జోసెఫ్ మోక్సన్ అనే అచ్చుకారుడు 1677 ప్రాంతం నుంచి కమ్మరం, వడ్రంగం, తరిణె పని మీద చిన్న చిన్న పుస్తకాలు వరుసగా వేశాడు. పనిముట్ల బొమ్మలు, వాటిని పట్టే తీరు, ఏది ముందు ఏది వెనక అన్నీ అందులో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఆంద్రే జాకబ్ రూబో 1769లో మొదలుపెట్టి వేసిన భారీ సంపుటాలు మరీ అరుదైన సరుకు. ఎందుకంటే ఆయన వడ్రంగి కొడుకు, వడ్రంగి మనవడు. పగలు కొట్లో పని, మిగిలిన వేళల్లో బ్లాండెల్ అనే ఆర్కిటెక్టు దగ్గర బొమ్మలు గీయడం. ఉలి పట్టిన చేయే కలం పట్టింది. ఈ జత తెలుగు నేల మీద కుదరకపోవడానికి కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి పది మందిలోపే.

చేతిపనిని బడిలో నేర్పే ప్రయత్నాలు కోస్తాలో, మద్రాసులో కొంత ముందే మొదలయ్యాయి. డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో పెట్టిన బడి తర్వాత పారిశ్రామిక కళల పాఠశాల అయింది. బందరులో కోపల్లె హనుమంతరావు తదితరులు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల అక్షరంతో పాటు వడ్రంగం, నేత వంటి చేతిపనులూ నేర్పింది. 1937లో వార్ధాలో గాంధీజీ పిలిచిన సభ, జాకిర్ హుస్సేన్ కమిటీ నివేదిక వచ్చాక కర్రపని బడి పాఠంగా మారే వీలు కలిగింది. కాగితం మీద బాగానే ఉంది. చాలా బళ్లలో ఆ వేళకు గంట మోగడం, పిల్లలు తకిలి తిప్పడం దగ్గరే కథ ఆగింది. కర్రకూ పనిముట్లకూ డబ్బెవరిస్తారు?

నిజాం ఇలాకాలో చదువుల భాష ఉర్దూ. 1917లో హైదరాబాద్‌లో అనువాద శాఖ పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం గణితం, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలను వందలకొద్దీ ఉర్దూలోకి దింపారు. భిక్నూర్ వడ్లాయనకు అవి అందే ప్రశ్నే లేదు. కానీ మాటలు మాత్రం పుస్తకం అక్కర్లేకుండానే అందాయి. గునియా, రందా, బర్మా, దర్వాజ. కోస్తా వడ్రంగి మూలమట్టం అన్నదాన్నే, చిత్రిక అన్నదాన్నే ఇక్కడ ఇట్లా అంటారు.

పనివాళ్ల నోట్లోని మాటల్ని పుస్తకానికి ఎక్కించే పని వేరే దారిలో సాగింది. గ్రియర్సన్ 1885లో బీహారు రైతు జీవితం మీద వేసిన పుస్తకం ఒక దారి చూపింది. ఉర్దూలో జఫరుర్ రహమాన్ 1939 నుంచి ఎనిమిది సంపుటాల్లో వృత్తులవాళ్ల పదకోశం కూర్చాడు. అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ దాన్ని వేసింది. తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లాజిల్లాకూ మనుషుల్ని పంపి, రైతుల్నీ పనివాళ్లనీ అడిగించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చాడు. అది వ్యవసాయ పదాల సంపుటం. నాగలి, కాడి, బండి వంటి వడ్లాయన సరుకుకు ప్రాంతానికో పేరు అందులో దొరుకుతుంది. భాషాశాస్త్రానికి అది బంగారు గని. పని నేర్చుకోవాలనుకునే కుర్రవాడికి మాత్రం పేర్లే దొరుకుతాయి, చేసే తీరు దొరకదు. ఆ పని ఆ పుస్తకానిది కాదు కాబట్టి తప్పు పట్టలేం.

ఊళ్లలో వడ్లాయన చేతికి నిజంగా అందిన అచ్చు పుస్తకం ఒక్కటే, వాస్తు. బస్టాండు పుస్తకాల కొట్లోనో, జాతరలోనో దొరికేది. అందులో ఎక్కువ పేజీలు ఆయం లెక్కకే పోతాయి. పొడవు వెడల్పులు హెచ్చవేసి, వచ్చినదాన్ని ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి ధ్వజం, ధూమం, సింహం, శ్వానం, వృషభం, ఖరం, గజం, కాకం. బేసివి మంచివి, సరివి కావు. 21 మూరలకు 15 మూరలైతే 315, శేషం మూడు, సింహాయం. కొన్ని పుస్తకాలు భాగించే ముందు తొమ్మిదితో హెచ్చవేయమంటాయి. తొమ్మిదితో హెచ్చవేసినా మానినా ఎనిమిదితో భాగిస్తే శేషం మారదని లెక్కల మాస్టారెవరైనా చెప్పగలడు, కానీ ఆ మాట చెప్పి ఎవరి పని చెడగొట్టుకుంటాడు? వాస్తు పుస్తకం వడ్లాయనకు ఇచ్చింది పని కాదు, యజమాని ముందు మాట చెల్లుబాటు. అది చిన్న విషయమేమీ కాదు.

చేయి ఎట్లా కదపాలో చెప్పే పుస్తకం ఐటీఐలతో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1950లో వృత్తిపనివాళ్ల శిక్షణ పథకం మొదలుపెట్టింది. అందులో కార్పెంటర్ ఒక ట్రేడు. ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఏడాది చదువు. 1986లో జర్మనీ సహకారంతో చెన్నైలో పెట్టిన సంస్థ, ఇప్పుడు నిమి అని పిలిచేది, ఈ ట్రేడులకు పుస్తకాలు తయారుచేస్తుంది. ఒకటి థియరీ, ఒకటి ప్రాక్టికల్. ప్రాక్టికల్ పుస్తకంలో పేజీకో పని. ముందు బొమ్మ, కొలత, తర్వాత వరుసగా చేయాల్సినవి. మొద్దును రందా పట్టి చదును చేయడం, గీత వెంట కోయడం, సగం సగం చెక్కి కలపడం, బెజ్జంలో కొస దించడం, ఆఖరున పావురం తోక ఆకారపు అతుకు.

మొదటి పాఠమే చాలామందిని ఏడిపిస్తుంది. చెక్క అంచును రందా పట్టి, దాని మీద గునియా ఆనించి, వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూడాలి. గునియాకూ చెక్కకూ మధ్య ఎక్కడ సన్నగా వెలుగు కారినా అక్కడ పల్లం ఉన్నట్టే. మిట్టను తీస్తే ఇంకోచోట పల్లం పడుతుంది. అరంగుళం చెక్క పేళ్లుగా పోయాక గాని రందాను ముందు భాగంలో ఎప్పుడు అదమాలో, చివర ఎప్పుడు వదలాలో చేతికి తెలియదు. పుస్తకంలో ఆ ఒత్తిడి గురించి ఒక వాక్యమే ఉంటుంది. వడ్లవారి పిల్లవాడు అదే సంగతిని పదేళ్ల వయసులో తండ్రి భుజం కదలిక చూసి పట్టేవాడు.

అయినా ఈ పుస్తకానికి ఒక ఘనత ఉంది. వాకిట్లో నిలబడి చూడటమే తప్ప ఉలి పట్టే హక్కు లేని పిల్లవాడు, ఏ కులంవాడైనా, ఆడపిల్లయినా, దరఖాస్తు ఫారం నింపి బెంచీ ముందు నిలబడవచ్చు. మయమతం చేయని పని, రామరాజు చేయలేని పని ఇది. ఇంటి పని పోయిందని బాధపడే పెద్దలు దీన్నీ పక్కన పెట్టి తూచాలి.

వచ్చిన వేళ మాత్రం ఆలస్యమైంది. చెక్క నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. గుంటక, గొర్రు ఇనుముతో వస్తున్నాయి. బండికి రబ్బరు టైరు పడ్డాక పట్టా వేసే మంటే ఆరిపోయింది. రోడ్డు పక్క కొట్లలో ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ప్లైవుడ్ షీట్లు, సన్‌మైకా, యూపీవీసీ కిటికీలు. పట్నం ఇళ్ల లోపలి పనులకు రాజస్థాన్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముఠాలు. ఐటీఐ ట్రేడు పేరు కూడా ఉడ్ వర్క్ టెక్నీషియన్ అయింది. చక్రం కుండలో ఆకులు ఏ వాలులో దిగ్గొట్టాలో ఆ సిలబస్‌కు అక్కర్లేదు.

2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, కేంద్రం పద్దెనిమిది వృత్తులకు పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. జాబితాలో వడ్రంగం ఉంది. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 వరకు సాయం, తర్వాత 5 శాతం వడ్డీకి అప్పు. దరఖాస్తుకు పద్దెనిమిదేళ్లు నిండాలి, కుటుంబానికి ఒక్కరికే అవకాశం. కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. అంటే తండ్రి తీసుకుంటే పెళ్లికాని కొడుక్కు లేదు, భర్త తీసుకుంటే భార్యకు లేదు. ఇంట్లో ఎవరు పేరు రాయించుకోవాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి.